మూడు చక్రాల పాట

పోయిన సంచికలో యీ శీర్షిక కింద, వచ్చేసారి రాగిచేల కాపలా గురించి వ్రాస్తామని చదువరులకు మాట యిచ్చి వున్నాము. తీరా యిప్పుడు గిటారు గురించి వ్రాయడానికి కూర్చొన్నాము. మాట తప్పినారని కోపగించుకోకండి. చుట్టు తిరిగి అయినా చేనిగట్టుకే వస్తాము.

సంగతి యేమంటే, మా మేనల్లుడొకడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. శనివారం సాయంత్రం ఆనేకల్లు మీదుగా తళికి వస్తాడు, సోమవారం కోడి కూయకముందే పోతాడు. వాడి వీపున యెప్పుడూ ఒక నల్లని సంచి. అందులో గిటారు. దాని వెల విన్ననాడు, "ఆ దుడ్డుతో ఒక పాలావును కొని వుండవచ్చు గదరా!" అన్నవారిలో మేమూ వున్నాము. పోయిన దీపావళికి వాడు తిన్నెమీద కూర్చొని, సెల్‌ఫోను తీసి, "మామా, యిది విను. మన పక్కూరి వాళ్లదే" అని ఒక పాట పెట్టినాడు. ఇంగ్లీషు పాట. సగం మాటలు మాకు చిక్కలేదు. పాట పేరేమిరా అంటే వాడు చెప్పినాడు గదా: "మీటర్ మేలె వన్ అండ్ ఎ హాఫ్."

మేము పకపక నవ్వినాము. రాత్రి పది దాటినాక మెజెస్టిక్కులో బస్సు దిగిన తళివాడు యీ మాట వినకుండా యిల్లు చేరినది యెప్పుడు? ఆటో అతడు మీటరు మీద ఒకటిన్నర అంటాడు, మనం ఒకటింపావు అంటాము, అతడు బండి తిప్పుకొని పోతాడు, మనం వెంటబడి పిలుస్తాము. సగం కన్నడం, సగం ఇంగ్లీషు కలిసిన యీ బేరం ఒక సంగీతపు రికార్డులోకి పేరుగా యెక్కుతుందని మేము కలలోనైనా అనుకోలేదు. పాటలంటే చందమామ, పూలు, వియోగము అనుకొనే తరం మాది.

ఆ పాట వున్న ఆల్బము పేరు 'త్రీ వీల్స్ నైన్ లైవ్స్'. మూడు చక్రాలు, తొమ్మిది ప్రాణాలు. చక్రాలు ఆటోవి, ప్రాణాలు ఇంగ్లీషువారి సామెతలోని పిల్లివి. బెంగుళూరు వీధులలో ఆటో యెక్కినవారికి యీ రెండూ యెందుకు కలిసినవో వివరించనక్కరలేదు. అది 2012లో వెలువడినది. మూడు డిస్కులు, మొత్తం 28 పాటలు. చేసినవారు 'థర్మల్ అండ్ ఎ క్వార్టర్' అనే బెంగుళూరు బృందము. 1996లో మొదలైనది. గిటారు వాయిస్తూ పాడేది బ్రూస్ లీ మణి. సినిమాలో కొట్లాడే వీరుని పేరు గదా అని మేమూ అడిగినాము. పేరు అదే. డ్రమ్ములు రాజీవ్ రాజగోపాల్. మిగతావారు వచ్చినారు, పోయినారు; యీ యిద్దరు నిలిచినారు.

బృందము పేరు వెనుక వున్న కథే మమ్మల్ని అసలు పట్టుకొన్నది. మొదట్లో జట్టులోని వారిలో ముగ్గురు మలయాళీలట. ఒకరు మాత్రం పావు మలయాళీయట. మలయాళీని వేళాకోళంగా 'మల్లు' అంటారు గదా. మూడు మల్లులు, ఒక పావు. ఇంగ్లీషులో గబగబా అంటే 'థర్మల్ అండ్ ఎ క్వార్టర్' అయినది. విన్నవారు కరెంటు తయారుచేసే కేంద్రమేమో అనుకొంటారు.

చదువరులారా, యీ పావు లెక్క మనకంటే బాగా యెవరికి అర్థమవుతుంది? మా యింటనే చూడండి. తాతముత్తాతల నుంచి పొయ్యి దగ్గర మాట తెలుగు. మా పెదతల్లిని యిచ్చిన యింట కన్నడము. బడిలో తమిళము. పేరోలగంలో, అంటే తాలూకా కచేరీలో, అదీ యిదీ కలిపినది. తళివారము ముప్పావు తెలుగు, పావు కన్నడం, పైన తమిళం కొసరు. మేము పుట్టినప్పుడు యిది సేలం జిల్లా. 1965లో ధర్మపురి జిల్లా అయినది. 2004లో కృష్ణగిరి జిల్లా అయినది. జిల్లా మారినప్పుడల్లా కచేరి బోర్డు మారినది గాని, అవ్వ మనుమడిని తిట్టే భాష మారలేదు.

యిక ఆ సంగీతము సంగతి. దానికి మూలము బ్లూస్ అని మేనల్లుడు చెప్పినాడు. నీలం రంగుకూ పాటకూ యేమి సంబంధమంటే, ఇంగ్లీషులో ఆ మాటకు దిగులు అనే అర్థమూ వున్నదట. అమెరికాలో మిసిసిపీ నది పల్లపు భూములలో పత్తిచేలు. ఆ చేలలో బానిసలుగా, బానిసత్వము పోయినాక కౌలుకూలీలుగా బ్రతికిన నల్లవారి పాట అది. డబ్ల్యు. సి. హ్యాండీ అనే సంగీతవేత్త తన స్వీయచరిత్రలో ఒక ముచ్చట వ్రాసినాడు. 1903 ప్రాంతాన టట్‌వైలర్ అనే చిన్న రైలుస్టేషనులో బండి ఆలస్యమై కునుకు తీస్తూ వుండగా, పక్కన చిరిగిన బట్టల మనిషి ఒకడు గిటారు తీగలమీద చాకు పెట్టి జార్చుతూ పాడుతున్నాడట. అంత విచిత్రమైన సంగీతము అంతకు ముందు విననే లేదన్నాడు హ్యాండీ. తీగమీద నున్నని వస్తువును జార్చి వాయించడం మనకేమీ వింత గాదు. గోటువాద్యం చూచినవారు యిది వినగానే తల వూపుతారు. స్వరాన్ని ఒకచోట నిలువనీక పక్కకు లాగి, కిందికి వంచి, వెక్కిరింతా యేడుపూ కలిసిన ధ్వని రప్పించడం ఆ సంగీతానికి ప్రాణం. మన గమకము వేరు, వారి వంపు వేరు. అయినా రెంటికీ దూరపు చుట్టరికం వున్నదనే మా చెవి చెప్పుతున్నది. శాస్త్రజ్ఞులు కాదంటే మేము వాదించము.

పాట కట్టుబడి మరీ సులువు. పన్నెండు తాళపు గడులు, మూడే మూడు స్వరమేళనాలు. ఒక మాట పాడతారు. అదే మాట మళ్లీ పాడతారు. మూడోసారి దానికి జవాబు చెప్పుతారు. అంతే.

యిది వాడు మాకు చెప్పుతూ ఫోనులో ఒక పాత బ్లూసు పాట వినిపిస్తూ వుంటే, లోపల చింతపండు గింజలు తీస్తున్న మా అమ్మ — వాడికి అవ్వ — గడపలోకి వచ్చి నిలబడినది. యెనభై దాటిన మనిషి. ఇంగ్లీషు ముక్క రాదు.

"వాడేమిరా, రొండో తూరీ అదే అంటా వుండాడు? మరిచిపోయినాడా?"

"లేదవ్వా. మూడో మాట వెదుక్కునేదానికి టైము కావల్ల గదా."

అవ్వ కొంచెముసేపు వూరుకొన్నది. "మేమూ అంతేరా. పైరు నాటేటప్పుడు ముందుండేది ఒక మాట అంటాది. మేమంతా దాన్నే తిరగా అంటాము. ఆలోగా ఆమె యింకో మాట కూడేసుకుంటాది" అని లోపలికి పోయినది. మేము గ్రంథాలు తిరగవేసినా యింత సుళువుగా తెలిసేది కాదు.

తరువాతి చరిత్ర వేగంగా చెప్పుకొంటే సరిపోతుంది. మడ్డీ వాటర్స్ అనే ట్రాక్టరు తోలే కూలీ పాటను 1941లో అలన్ లోమాక్స్ అనే సేకర్త అతడు పనిచేసే తోటకే వెళ్లి రికార్డు చేసినాడు. తన గొంతు తాను విన్న ఆ కూలీ, 1943లో షికాగో బస్తీకి రైలెక్కినాడు. బస్తీ రొదలో చెక్క గిటారు వినబడదు. కరెంటు గిటారు పట్టినాడు. ఆ రికార్డులు సముద్రం దాటి ఇంగ్లండుకు పోగా, అక్కడి కుర్రవాళ్లు వాటిని విని 1960ల నాటికి రాక్ సంగీతంలో కలిపినారు. రోలింగ్ స్టోన్స్ వారు తమ పేరును మడ్డీ వాటర్సు పాటనుంచే తీసుకొన్నారు. బ్లూస్-రాక్ అనేది యిట్లా పుట్టినది. చేను వదిలి ఫ్యాక్టరీకి పోయినవాని సంగీతమన్న మాట. హోసూరులో లారీలు, మోపెడ్లు, గడియారాలు తయారయ్యే షెడ్లు లేచినాక మన పల్లెలలోనూ యెందరు చేను వదిలి షిఫ్టు బస్సు యెక్కలేదు? వారి పాట యేదని మాత్రం అడగకండి. అది లేకపోవడమే మా బాధ.

మన దేశంలో యీ బాణీ పట్టినవారు బెంగుళూరులోనే కాదు, దూరపు షిల్లాంగు కొండలలోనూ వున్నారు. అక్కడి 'సోల్‌మేట్' బృందము 2003లో మొదలైనది. గిటారు రూడీ వాలాంగ్, గాత్రము టిప్రీతి ఖర్బంగార్. 2007లో వారు మెంఫిస్ నగరపు అంతర్జాతీయ బ్లూస్ పోటీకి మన దేశం తరఫున వెళ్లినారు. ఖాసీ కొండలవారు వెళ్లి పుట్టింటివారికే వారి పాట వినిపించి వచ్చినారంటే మాటలా?

థర్మల్ వారి సంగీతము అచ్చపు బ్లూస్ గాదని ముందే చెప్పవలె. అందులో జాజ్ వున్నది, ఫంక్ వున్నది. వారు దానికి 'బెంగుళూరు రాక్' అని పేరు పెట్టుకొన్నారు. 28 పాటలు ఒక్క బిగిని వినడం మా చేత కాలేదు. మూడు ఆదివారాలు పట్టినది. వడ్డన కొంచెం యెక్కువైనదనే మా అభిప్రాయము. సగము పాటలతో ఒకే డిస్కు చేసి వుంటే మావంటి ముసలివారు రెండుసార్లు వినేవారు. గిటారు పని సూక్ష్మమైనది, అక్కడక్కడ మితిమీరిన సూక్ష్మము. డ్రమ్ములు మాత్రం మాకు చాలా నచ్చినవి. యెక్కడ ఆపవలెనో తెలిసిన చెయ్యి అది. మణి గారు గొంతు చించుకోరు. పక్కన కూర్చొని మాట్లాడినట్టు పాడుతారు. రాక్ అంటే అరుపు అనుకొన్న మాకు అది మొదటి ఆశ్చర్యము. 'పేపర్ పులి' అని వారిదే మరొక పాట వున్నది. పులి తెలుగులోనూ పులే, తమిళంలోనూ పులే, మలయాళంలోనూ పులే. ఆ పేరు మనకు అనువాదం అక్కరలేని పేరు.

వారు నడచిన దారి కూడా చెప్పుకోదగ్గది. సినిమా లేదు. వెనుక పెద్ద రికార్డు కంపెనీ లేదు. 2000లో మొదటి ఆల్బము, 2002లో 'జుపిటర్ కఫే'. 2005లో 'ప్లాన్ బి' అనే ఆల్బమును ఇంటర్నెట్టులో పెట్టి, కావలసినవారు దుడ్డు యివ్వకుండా దించుకోండి అన్నారు. 2008లో 'దిస్ ఈజ్ ఇట్', 2012లో యీ మూడు చక్రాలు, 2015లో 'ది సీన్', 2020లో 'ఎ వరల్డ్ గాన్ మ్యాడ్', అనగా వెర్రెత్తిన లోకము. ఆ యేడు లోకానికి అంతకు మించిన పేరు యెవరూ పెట్టలేకపోయేవారు. యింత చేసినా ఆల్బములు అమ్మి యెవరూ మేడలు కట్టరు. యిప్పుడు ఫోనులో ఒక పాట ఒకసారి వింటే పాడినవారికి ముట్టేది పైసల లెక్క. అందుకని కచేరీలు చేసుకొంటారు. 'టాకాడెమీ' అని ఒక సంగీతపు బడి పెట్టి పిల్లలకు నేర్పుతున్నారు. యిది వినగానే మాకు మన హరికథ భాగవతులు జ్ఞాపకం వచ్చినారు. రాత్రి కథ, పగలు పదిమంది పిల్లలకు పాఠం.

యిక్కడ మిసిసిపీ కుర్రవాని సంగతి ఒకటి చెప్పక వుండలేము. క్రిస్టోన్ ఇంగ్రమ్ అని 1999లో పుట్టినవాడు, క్లార్క్స్‌డేల్ వూరివాడు. 'కింగ్‌ఫిష్' అంటారు. గిటారు వాయిస్తాడు, పాడతాడు. 2021లో వచ్చిన అతని ఆల్బముకు పేరు '662'. యేమిటా అంకె అంటే, వారి ప్రాంతపు టెలిఫోను కోడు! దానికి 2022లో గ్రామీ బహుమానము వచ్చినది. తన వూరి టెలిఫోను నెంబరు లోకమంతటికీ బిరుదు చేసినాడు. హోసూరు కోడు 04344. ఆ అంకె మీద యే పాటా లేదు.

పాట తెలుగులో కుదరదు, యీ బాణీకి ఇంగ్లీషే తగుతుంది అనేవారు వున్నారు. మేమూ అట్లే అనుకొన్నాము. హైదరాబాదులో 'చౌరస్తా' అనే బృందము యీ మాట అబద్ధం చేసినది. రామ్ మిరియాల మొదలైనవారు గిటారు, డ్రమ్ము పట్టి, జమైకా దీవి రెగే బాణీలో 'ఊరెళ్లిపోతా మామా' అని పాడినారు. సినిమా ప్రసక్తి లేకుండానే ఆ పాట వూరూరా తిరిగినది. 2020లో కరోనా వచ్చినప్పుడు చేతులెత్తి మొక్కి బ్రతిమాలిన వారి పాటను మన పిల్లలూ పాడినారు. పాడినారు గాని, ఆ తెలుగు మన తెలుగు గాదు. తెలంగాణానికి ఒక గొంతు దొరికినది, గోదావరికి సినిమాలో యెప్పుడూ వున్నది. "యాడికి పోతివి, యేమిటికి పోతివి" అనే మొరసునాటి తెలుగుకు యింకా యెవరూ తీగ బిగించలేదు. 2006 నాటి తమిళ బోధనా చట్టం తరువాత బడిలో తెలుగుకు చోటు యిరుకైనది. బడిలో లేక, సినిమాలో లేక, పాటలోనూ లేకపోతే అది వుండేది యెక్కడ? పొయ్యి దగ్గర. పొయ్యి దగ్గర కూర్చొనే తరం యెనభై దాటినది.

దీపావళి వెళ్లిన మూడవ వారము మేనల్లుడు ఒక పాట కట్టుకొని వచ్చినాడు. ఆ రోజులలో యెప్పటివలెనే బన్నేరుఘట్ట అడవినుంచి యేనుగుల గుంపు జవళగిరి వైపు దిగినది. రాగి కంకి పాలు పట్టే వేళకు వాటికి యెవరు చెప్పుతారో, యేటేటా రావడమే. మంచెలమీద మనుష్యులు, తప్పెటలు, టపాకాయలు. ఆ రాత్రి మా చేనిలోనూ ఒక మూల పోయినది. వాడు తెల్లవారి దానిని చూచి వచ్చి, తిన్నెమీద కూర్చొని పాడినాడు:

యేనుగొచ్చె రేతిరి, రాగిచేను తొక్కిపాయె
యేనుగొచ్చె రేతిరి, రాగిచేను తొక్కిపాయె
కొరివి పట్టి నేనుంటి, తెల్లారినా యెవురూ రాకపాయె

మూడు పంక్తులే. మాకు గొంతులో యేదో అడ్డుపడినది. ముప్పై యేండ్లుగా మంచె యెక్కుతున్నాము, ఆ చలి, ఆ ఒంటరితనము యెవరితోనూ చెప్పుకొన్నది లేదు. అవ్వ మాత్రం మెచ్చుకోలేదు.

"తప్పురా అబ్బోడా. అది వస్తానే తొక్కదు. ముందర కంకి తింటాది, ఆ పొద్దు తొక్కతాది. యింకొకటి, రేత్రిపూట చేన్లో దాని పేరు యెత్తగూడదు. సామి అనల్ల."

వాడు వెంటనే దిద్దుకొన్నాడు. "సామి వచ్చె రేతిరి, కంకి కంకి తినిపాయె" అని. పాట రెండింతలైనది. అవ్వ రెండవ పంక్తి దగ్గర తానుగా గొంతు కలిపినది. ఆ గొంతు మేము మా నాయన పోయినప్పటినుంచి విని వుండలేదు.

యిప్పుడు ఒక తప్పు ఒప్పుకోవలసి వున్నది. పోయిన ఉగాదికి మన సంఘము కార్యక్రమంలో పది నిమిషాలు యిమ్మని యీ కుర్రవాడే అడిగినాడు. కార్యక్రమ ఉపసంఘంలో మేమూ సభ్యులము. గిటారు మన సంప్రదాయము కాదు అని వ్రాసి తోసిపుచ్చినది మరెవరో కాదు, మేమే. ఆ సాయంత్రమే అరువు పెట్టెలో సినిమా పాటలు వేసి మన పిల్లలు యెగిరినారు, అందరమూ చప్పట్లు కొట్టినాము. పిడేలు మన కచేరీలలోకి వచ్చి రెండువందల యేండ్లు దాటినది. అది యే దేశానిదని యెవరూ అడగలేదు. ఉపసంఘంలోని మిగతావారిని యేమీ అనకండి. కాగితము మీద చేతివ్రాత మాది.

యీ యేడు పంచాంగ శ్రవణానికీ భోజనాలకూ నడుమ పదిహేను నిమిషాలు కేటాయించడమైనది. అవ్వ వేదిక యెక్కడానికి ఒప్పుకొన్నది గాని, కుర్చీలో కూర్చోనన్నది, చాప కావలె. మైకు తన దగ్గరికి తేవద్దన్నది. దాని సంగతి మేనల్లుడు చూచుకొంటాడు. కరెంటు పోతే చెక్క గిటారు వున్నది. వుంటే మాత్రం ఒక మంచి స్పీకరు పెట్టె కావలసి వున్నది. మన సంఘములో యెవరి యింటనైనా వుంటే కార్యదర్శికి ముందుగా చెప్పి పంపండి. పైరు నాటేటప్పటి పాటలు రెండు మూడైనా జ్ఞాపకమున్న పెద్దమ్మలు యెవరైనా వుంటే వారి పేర్లు కూడా.

రాగిచేల కాపలాకు టపాకాయల ఖర్చు లెక్కలు వచ్చే సంచికలో తప్పక వ్రాస్తాము.